కానుక విమానము

మా యింట నొక భోజనపు బల్ల కలదు. ఆఱుగురు సుఖముగా కూర్చుండి తినదగినది. గడచిన సంవత్సరమున తొమ్మిది మాసములపాటు దానిపై నెవ్వరును భోజనము చేయలేదు. ఏలయన, దానిమీద నొక విమానము పుట్టుచుండెను. మీద నొక రెక్క, క్రింద నొక రెక్కగల ప్రాతకాలపు విమానమునకు నమూనా అది. కొలత అడుగునకు అరయంగుళము. మేమందఱమును వంటగదిలో నేలమీద పీటలు వేసికొని తింటిమి. మా గృహిణి మొదటి మాసమున గొణిగెను; రెండవ మాసమున ఊరకుండెను; మూడవ మాసమున, నేలపై కూర్చుండి తినుట మోకాళ్లకు మంచిదని పొరుగింటివారికి బోధించుట కారంభించెను. గృహమునందలి సంస్కారములు తఱుచుగా నీ విధముననే జరుగును.

మేము కొత్తగూడ వాసులము. ఈ పేరు వినగానే నేటివారికి తోచునవి అద్దాల మేడలు, కూడలిమీది వంతెన, ప్రొద్దుననే బొటానికల్ గార్డెనునకు నడకకు పోవు జనము. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు ఆరంభమగునాటికి ఈ చుట్టుపట్ల పొలములును, ఏనుగులు పడుకొన్నట్లుండు బండలునే విశేషముగా నుండెడివి. ఇప్పుడు మా భవనసముదాయముననే రెండువందల కుటుంబములున్నవి. వానిలో ముప్పాతికమువంతు ఇండ్లలో ఎవరో యొకరు కంప్యూటరు ముందు కూర్చుండి రేయింబవళ్లు ఏదో యొకటి నిర్మించుచునే యుందురు. ఆ నిర్మాణము చేతికంటదు, తూకమునకు రాదు. దానిని మేము తక్కువ చేయుట లేదు. మా కుమారుడును కోడలును ఆ పనిచేయువారే, వారి సంపాదనతోనే ఈ యిల్లు నిలిచియున్నది. కాని ఇన్ని యిండ్లలో ఒక రంపము గాని, చిత్రిక గాని కావలసివచ్చినప్పుడు పదునెనిమిది ద్వారములు తట్టినను దొరకలేదన్నమాట మాత్రము వాస్తవము.

ఈ పనికి బీజము లండనులో పడినది. మా కుమారుడు ఉద్యోగపు పనిమీద అచ్చటికి పోయి, ఒక ఆదివారమునాడు ఆ నగరపు ఉత్తరభాగమున హెండనులోనున్న రాయల్ ఎయిర్‌ఫోర్సు మ్యూజియమును చూచి, అక్కడి విమానములను విరివిగా ఫోటోలు తీసి తెచ్చెను. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా మనుమరాలు వానిని ఒక్కొక్కటిగా చూచుచు ఒకదానివద్ద ఆగిపోయెను. అది ఒక కొయ్య విమానము. దాని ప్రక్కభాగమున ఆంగ్లాక్షరములతో, ఇది హైదరాబాదు నిజాము ప్రభువువారి కానుక యని వ్రాసియున్నది.

"తాతయ్యా, మన ఊరి పేరు ఆ విమానముమీద నెందుకున్నది?" అని అది అడిగెను.

మేము ముప్పదియైదేండ్లు బడిలో లెక్కలు చెప్పినవారము. ఆ ప్రశ్నకు మాయొద్ద ఉత్తరము లేదు. తెలియదని చెప్పుట ఉపాధ్యాయునకు మొదట కష్టముగాను, తరువాత హాయిగాను ఉండును. ఇద్దఱమును గలసి వెదకితిమి. తేలిన సంగతి యిది.

మొదటి ప్రపంచయుద్ధమున, 1917 నవంబరు 1వ తేదీన, ఇంగ్లండులోని రెండ్‌కూంబు అనుచోట 110వ నంబరు స్క్వాడ్రను ఏర్పడినది. యుద్ధమునకై దానికిచ్చిన విమానములు డి.హెచ్. 9ఏ అను జాతివి. వాని ఖర్చు ఏడవ నిజామైన మీర్ ఉస్మాన్ అలీఖాను ప్రభువు కానుకగా నిచ్చెను. అందుచేత నా దళమునకు హైదరాబాదు స్క్వాడ్రనని పేరు వచ్చినది. నిజాముగారి రాజచిహ్నమునుండి గైకొన్న పులి వారి ముద్రలోని కెక్కినది. 1918 సెప్టెంబరు 1వ తేదీన ఆ దళము ఫ్రాన్సునకు పోయి, పగటివేళ దూరప్రయాణముచేసి జర్మను నగరములపై బాంబులు వేయు పనికి నియుక్తమైనది. ఫ్రాంక్‌ఫర్టు, కొలోను వంటి పట్టణములు వారి గుఱులు. యుద్ధము నవంబరు 11న ముగిసినది గనుక వారు పోరాడినది పది వారములకంటె నెక్కువ లేదు. ఆ పది వారములలోనే విమానములును మనుష్యులును లెక్కకు మిక్కిలిగా నష్టమైరి. మా కుమారుడు ఫోటో తీసిన విమానము అక్టోబరు 5వ తేదీన శత్రుభూమిలో దిగవలసివచ్చి, అందలి యిద్దఱు యువకులు బందీలైరి. విమానమును జర్మనులు భద్రపఱచి బెర్లినులోని తమ ప్రదర్శనశాలలో నిలిపిరి. రెండవ యుద్ధమున అది పోలండునకు చేరినది. చివరకు 1977లో ఇంగ్లండువారు ఒక స్పిట్‌ఫైరు విమానమును బదులిచ్చి దీనిని తెచ్చుకొనిరి. ఇట్లు మన హైదరాబాదు పేరును వీపున మోసికొని అది మూడు దేశములు తిరిగినది కాని, హైదరాబాదును మాత్ర మెన్నడును చూడలేదు.

"అయితే మనమే దానిని తీసికొనివత్తము" అని మనుమరాలు అనెను.

ఇచ్చట మా ఇంటి గుట్టొకటి చెప్పవలసియున్నది. మా కుమారుడు చిన్ననాట కొబ్బరి మట్టలతోను, అగ్గిపెట్టెలతోను బండ్లును ఓడలును చేయుచుండెడివాడు. పదవ తరగతి వచ్చినప్పుడు వాటినన్నింటిని ఒక గోనెసంచిలో కట్టి పాతసామానులవానికి వేసినవారము మేమే. ప్రవేశపరీక్షలు గట్టెక్కవలెనని మా ఆతురము. పరీక్ష గట్టెక్కినాడు. తరువాత నెన్నడును వాడు చేతితో నొక వస్తువును చేయగా మేము చూడలేదు. ఇప్పుడు తన కూతురు విమానము చేయుదుననగా వాడు, "వచ్చే యేడు పదవ తరగతి గదా, కోచింగులో చేర్చవలెను" అనెను. వాని నోట మా మాటలే మాకు వినబడినవి. పెద్దవారి తప్పులు పిల్లల నోట వినబడినప్పుడు చెవులకు బాగుండవు. మేము వానితో వాదింపలేదు; కోచింగునకు పోవు ఉదయములను వానికి విడిచి, ఆదివారములును సాయంకాలములును మేము తీసికొంటిమి.

ఇట్టి నమూనాలను పెట్టెలలో ముక్కలు ముక్కలుగా అమ్ముదురు. జిగురుతో నతికించుటయే మిగులును. మాకు అది రుచింపలేదు. అసలు విమానమే కొయ్యతోను గుడ్డతోను చేయబడినది గనుక మేమును కొయ్యతోను కాగితముతోను చేయదలచితిమి. రెక్కల పొడవు ఈ కొననుండి ఆ కొనకు దాదాపు నలుబదియాఱడుగులు. మా కొలతలో నిరువదిమూడు అంగుళములు. ముక్కునుండి తోకవఱకు ముప్పదియడుగులకు మించిన నిడివి, మాకు పదునైదంగుళములు. ఆఱడుగుల వైమానికుడు మూడంగుళముల వాడగును. ఇట్లు భాగించుకొనుచు పోవునప్పుడు మా మనుమరాలికి భిన్నములమీద గల ద్వేషము తనంతట తానే పోయినది. ముప్పదియైదేండ్లలో నల్లబల్లమీద మేము సాధింపలేనిది ఇది.

రెక్కకు లోపల అడ్డముగా నుండు వంపుపలకలను పక్కటెముకలందురు. అవి ఎనుబదికి పైగా కావలెను. అన్నియు నొక్కవంపుతో నుండవలెను. మొదటి ఆదివారము ఒక్కొక్కదానిని బ్లేడుతో కోసితిమి. పది కోయగా పదియు పది విధములుగా వచ్చెను. అటుపిమ్మట తోచిన యుపాయ మేమనగా, డబ్బారేకుతో సరియైన వంపుగల పలకలు రెండు కత్తిరించి, వాని నడుమ బాల్సా కఱ్ఱ ముక్కలను ఇరువదేసి చొప్పున పేర్చి, రెండు సూదులతో గుచ్చి, మొత్తమును గరుకుకాగితముతో ఒక్కమాటుగా రుద్దుట. పెండ్లిలో పూరీలు వత్తువారు దొంతర పెట్టి కోసినట్లు! విడదీసి చూడగా ఇరువదియు నొక్క పోలికలో నుండెను. బాల్సా మిగుల తేలికయగు కొయ్య. గోరు తగిలిన నొక్కుపడును. నగరములోని దుకాణమున దొరకినది. అసలు విమానమునకు వాడినవి స్ప్రూసు, యాష్ అను గట్టి కొయ్యలు.

ఇంజను కథ వేఱు. దీనికి ముందువచ్చిన డి.హెచ్. 9 అను విమానము ఇంజను బలహీనతచేత అప్రతిష్ఠ పాలయినది. దానికి అమెరికావారు 1917లో రూపొందించిన లిబర్టీ యను పండ్రెండు సిలిండర్ల, నాలుగువందల గుఱ్ఱపుశక్తి ఇంజనును అమర్చి, రెక్కలు పెంచి, యోవిల్ పట్టణపు వెస్ట్‌లాండు కర్మాగారమువారు సంస్కరింపగా ఇది పుట్టినది. లోపము రెక్కలో గాక గుండెలో నున్నదని కనుగొనుట గొప్పసంగతి గదా! మా నమూనాలో ఇంజనుపై మూత వచ్చును; వేసిన తరువాత లోపల నేమున్నదో దేవునికే తెలియవలెను. కావున అక్కడ నొక కొయ్యముక్క దూర్చిన చాలునని మేమంటిమి. మనుమరాలు ఒప్పుకొనలేదు. ప్రాత పెన్సిళ్లను కోసి పండ్రెండు సిలిండర్లు చేసి, ఆఱాఱుగా రెండు వరుసలు వాలుగా నిలిపి, రాగితీగ చుట్టి, మూడు వారములు దానిమీదనే యుండెను. "కనబడదు గదా, ఏల యీ శ్రమ?" అని అడిగితిమి. "కనబడకున్నను ఉన్నదని మనకు తెలియును గదా, తాతయ్యా" అనెను. ఆ మాటను మేమప్పుడు నవ్వి విడిచితిమి.

ఆషాఢమున మాకొక ఆపద వచ్చినది. రెక్కల చట్రమునకు పలుచని టిష్యూ కాగితము నతికి నీరు చిలుకరించిన, ఆరునప్పుడు అది ముడుచుకొని తబలా తోలువలె బిగియును. మేము తొందరపడి పైవైపున మాత్రమే అతికి, నీరు చల్లి, నిద్రించితిమి. తెల్లవాఱునప్పటికి రెక్క కాల్చిన అప్పడమువలె మెలిదిరిగియుండెను. రెండు నెలల పని! మనుమరాలు ఆ దినమంతయు మాటలాడలేదు. మరల తడిపి, బల్లకు గుండుసూదులతో బిగించి, అడుగువైపునను కాగితమతికి, పైన మా యింట నున్న నిఘంటువుల బరువంతయు నెత్తితిమి. ఐదు దినములకు చాలవఱకు సరియయ్యెను. ఎడమ రెక్క కొనలో ఒక చిన్న వంపు నేటికిని కలదు. చూపించినగాని కనబడదు గనుక మేము చూపింపము.

ఈ గుడ్డకప్పు పనిని గూర్చి చదువుచుండగా తెలిసిన దొకటి మా గృహమునందలి స్త్రీల మనస్సులలో గట్టిగా నాటినది. ఆ కాలపు కర్మాగారములలో రెక్కలకు నారగుడ్డ కుట్టినవారును, దానిపై బిగుతుకై డోపను ద్రవమును పూసినవారును విశేషముగా స్త్రీలు. యుద్ధారంభమున వాడిన డోపులలో టెట్రాక్లోరోఈథేను అను విషముండెను. దాని యావిరి పీల్చి కొందఱకు పచ్చకామెర్లు వచ్చి, ప్రాణములుకూడ పోయినవి. పిమ్మటగాని ఆ ద్రవమును మానిపింపలేదు. వైమానికుల పేర్లు రాతిపై చెక్కబడినవి. ఈ స్త్రీలలో ఎందఱి పేర్లు ఎవరికి తెలియును? ఇది చదివిన రాత్రినుండి మా కోడలు, అంతవఱకు 'మీ ఆట' అనుచుండినది, 'మన పని' యనసాగెను. రెండు రెక్కలను బంధించు తీగల పని యంతయు ఆమెదే. పది గంటలకు అమెరికావారితో మాటలు ముగించుకొని, చెవులనుండి ఆ యంత్రమును తీసివేసి, సన్నని నైలాను దారమును కంటిసూదిలో నెక్కించి కూర్చుండెడిది. ఒకవైపు బిగించిన వేఱొకవైపు సడలును. నాలుగు మూలలను సమముగా లాగవలెను. పగలంతయు చేసిన పనికన్న ఈ గంట పనియే తనకు నిద్ర తెప్పించునదని ఆమె చెప్పెను.

రంగువద్ద కొంత వాదము జరిగినది. పైభాగము ఆకుపచ్చయు కాదు, గోధుమయు కాదు. ఎండిన చింతాకు రంగు. అడుగుభాగము రంగులేని నారగుడ్డ. చివరకు మిగిలినవి అక్షరములు. అవి మా కొలతలో నువ్వుగింజంతవి. మనుమరాలు మూడు వెండ్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి, రెండు ఆదివారములలో వానిని వ్రాసెను. విమానము పూర్తియైనది.

సెప్టెంబరు మాసమున మా భవనసముదాయపు సంఘమువారు ఇండ్లలో చేసిన చేతిపనుల ప్రదర్శనమొకటి యేర్పాటు చేసిరి. సెప్టెంబరు తెలంగాణమున ఎట్టి మాసమో చదువరులకు చెప్పనక్కఱలేదు. 1948లో ఆ నెల 17వ తేదీన నిజాము రాజ్యము భారతదేశమున కలిసినది. ఆ దినమును కొందఱు విమోచనమందురు, కొందఱు విలీనమందురు, కొందఱు సమైక్యతాదినమందురు; పేరు విషయముననే నేటికిని ఏకాభిప్రాయము లేదు. ప్రదర్శనమునకు రెండు దినములు ముందుగా సంఘములోని పెద్దమనుష్యు డొకడు నమూనాను చూచి, చాల మెచ్చుకొని, పిమ్మట గొంతు తగ్గించి యిట్లనెను: "మాస్టరుగారూ, అంతయు బాగున్నది గాని ఆ వ్రాత యొక్కటి లేకున్న బాగుండును. ఇది సెప్టెంబరు. ఎవరైన ఏమైన ననవచ్చును." ఆ సాయంకాలమే వేఱొక వృద్ధుడు వచ్చి, కళ్లజోడు సవరించుకొని ఆ అక్షరములను చదివి, "ఇంత చిన్నవిగా వ్రాసితిరేమి? నలుగురికిని కనబడునట్లు పెద్దవిగా వ్రాయవలసినది. ఆ ప్రభువు కాలమున ఈ నగరమున కేమి తక్కువ?" అనెను. ఒకరికి అక్షరములు ఉండరాదు, ఒకరికి చాలలేదు. విమానమును చూచినవారు మాత్రము ఆ యిద్దఱిలో ఎవరును కారని మాకు తోచినది.

మా మనస్సునకును ఆ విషయమున స్థిరత్వము లేకపోయెను. మా నాయనమ్మ నల్లగొండవైపు పల్లెది. ఆమె తండ్రి వెట్టికి పోయి, అధికారుల సామాను నెత్తిన మోసికొని ఊరినుండి ఊరికి నడచుటను ఆమె చిన్నతనమున చూచినది, మాకు చెప్పినది. 1918వ సంవత్సరము దక్కనులో ఎట్టిదనగా, వానలు తప్పినవి. ఇన్‌ఫ్లూయెంజా జ్వరము ఊళ్లను ఊడ్చినది. ఆ యేడే మన రైతుల రాజ్యపు ధనముతో కొన్న విమానములు ఎక్కడో రైను నదిమీద ఎగిరినవి. మఱియు నీ జాతి విమానములనే యుద్ధానంతరమున ఆంగ్లప్రభుత్వము మన వాయవ్య సరిహద్దుకు పంపి, కొండజాతుల గ్రామములపై బాంబులు వేయించినది. అయినను ఆ ప్రభువు పేరనే ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో నెలకొన్నది. గండిపేట చెఱువు నీరు నగరము త్రాగినది. మేము చదివిన చదువున కాతని ఋణము లేదనలేము. ఈ రెండును ఒక మనుష్యుని పద్దులోనివే. వీనిని కూడి తీసివేసి ఒక్క సంఖ్యగా తేల్చుట మా లెక్కలకు సాధ్యము కాదు.

అట్టి సంశయములో నున్నవాడు సాహసము చేయడు. సులభమైన దానిని చేయును. ఆ రాత్రి అందఱును నిద్రించిన పిమ్మట మేము టిష్యూ కాగితపు పట్టీ నొకదానిని కత్తిరించి, ఎండిన చింతాకు రంగు పూసి, పలుచని జిగురుతో ఆ అక్షరములపై నతికితిమి. ఎంత చక్కగా నతికినదనగా, అతుకు ఎక్కడనో మాకే తెలియలేదు. ఆ రాత్రి మా చేతిపనిని మేమే మెచ్చుకొంటిమి. సిగ్గు మరునాటి యుదయముగాని రాలేదు.

మనుమరాలు లేచి బల్లవద్దకు వచ్చి, విమానపు ప్రక్కను వ్రేలితో తడవి చూచెను. ఏడ్వలేదు, కోపపడలేదు. "ఇంజను విషయమున చెప్పినదే, తాతయ్యా. కనబడకున్నను ఉన్నదని మనకు తెలియును" అనెను. మఱికొంతసేపటికి, "పట్టీ ఉంచదలచినయెడల ఉంచండి. చేసినవారి పేర్లలో నా పేరు మాత్రము వ్రాయవద్దు" అని లోపలికి పోయెను.

ముప్పదియైదేండ్లలో మేము ఎందఱో పిల్లలకు లెక్క తప్పైన కొట్టివేసి మరల చేయుమని చెప్పితిమి గాని, దిద్దినట్లు తెలియకుండ దిద్దుమని ఎవరికిని చెప్పలేదు. వేడినీటిలో ముంచిన దూదితో ఆ పట్టీని తీసితిమి. దానితోపాటు నాలుగు అక్షరములు ఊడివచ్చినవి. వానిని పట్టుకొని మనుమరాలి గది ద్వారమువద్ద నిలిచినప్పుడు మా స్థితి, హోంవర్కు చేయక బడికి వచ్చిన బాలునిదే. అది మమ్మును చూచి, కుంచె తీసికొని వచ్చి, మధ్యాహ్నమువఱకు కూర్చుండి ఆ నాలుగింటిని మరల వ్రాసెను. క్రొత్త రంగు ప్రాతదానికంటె కొంచెము చిక్కనైనది. కాంతిలో త్రిప్పిచూచిన ఆ భేద మిప్పటికిని తెలియును.

ప్రదర్శనమున విమానమును గోడవైపు త్రిప్పక, అక్షరములున్న ప్రక్కనే జనమువైపునకు నిలిపితిమి. ముందటి పెద్దమనుష్యుడు మాతో ముభావముగా నుండెను. పిల్లలు గుంపులుగా వచ్చి, ప్రొపెల్లరు తిరుగునా యని అడిగి, తిరుగునని తెలిసి తృప్తితో పోయిరి. సందడి తగ్గిన పిమ్మట మా గేటు కావలివాడు వచ్చెను. పాలమూరు జిల్లావాడు, నలుబదియైదేండ్లుండును. ఈ ప్రాంతపు మేడలలో సగము అతని ఊరివారు, ఆ చుట్టుపట్లవారు ఇటుకలు మోసి కట్టినవే. చాలసేపు చూచి, ఆ వ్రాత యేమని అడిగెను. రాజుగారు కానుక ఇచ్చెనని చెప్పితిమి.

"మంచిగనే ఇచ్చిండు. గని గా రాజుకు పైసలు యాడికెళ్లి వచ్చినయి, సారూ?" అనెను.

రెండు దినములుగా ఆ అక్షరములను చదివినవారిలో ఈ ప్రశ్న వేసినవాడు అతడొక్కడే. చరిత్ర చదివిన మేమును వేయలేదు. నిజాము రాజ్యమునకు ముఖ్యాదాయము భూమిశిస్తు. అదిగాక నగరము చుట్టునున్న అత్రాఫ్‌బల్దా జిల్లా ప్రభువుగారి సొంతమగు సర్ఫేఖాసు. దాని యాదాయము రాజ్యపు ఖజానాకు గాక ఆయన స్వంతమునకే పోయెడిది. 1949లో గాని ఆ యేర్పాటు తొలగలేదు. ఏ సంచినుండి తీసి యిచ్చినను, ఆ సంచిని నింపినవాడు నాగలి పట్టినవాడే. ఈ మాటలను మేము అతనికి చెప్పుచుండగా మనుమరాలు అట్టముక్కయు పెన్నును తీసికొని ప్రక్కనే కూర్చుండి వ్రాసికొనుచుండెను. ఆ విమానము పేరు, కొలత, కట్టిన సంవత్సరము, అది పట్టుబడిన తేదీ, చివరకు 'ధర చెల్లించినవారు: హైదరాబాదు సంస్థానపు రైతులు, కానుక ఇచ్చినవారు: నిజాము ప్రభువు' అని వ్రాసి, అట్టను విమానము ముందు నిలిపెను. నారగుడ్డ కుట్టిన స్త్రీలను గూర్చి ఒక పంక్తి చేర్చుమని మా కోడలు కోరగా అదియు చేర్చెను.

అక్షరములు వలదన్నవాడు వచ్చి అట్టను చదివి, "ఇట్లయిన సరియే" అనెను. పెద్దవిగా వ్రాయుమన్న వృద్ధుడును చదివెను. ప్రభువు పేరు రెండవదిగా వచ్చినదని కొంచెము నొచ్చుకొనెను గాని, అబద్ధమని మాత్రము అనలేదు. మఱునాడు తన యింటినుండి ఒక ప్రాత ఉస్మానియా సిక్కా రూపాయిని తెచ్చి, అట్ట ప్రక్కన ఉంచుటకై ఇచ్చెను.

ఇప్పుడా విమానము మా భవనపు క్రిందిగదిలో గాజుపెట్టెలో నున్నది. మా భోజనపు బల్ల మాకు తిరిగివచ్చినది. అయినను మా గృహిణి నేలమీదనే వడ్డించుచున్నది. కుమారుడు ఒక ఆదివారము వచ్చి, మిగిలిన బాల్సా ముక్కలేమైన కలవా యని అడిగి, ఒక ఓడ అడుగుభాగమును మొదలుపెట్టెను. గాజుపెట్టెను తుడుచుపనిని కావలివాడు తనంతట తానే చేపట్టినాడు. క్రొత్తగా వచ్చినవారికి ఆ విమానము కథ చెప్పువాడును అతడే. మా కథకును అతని కథకును కొంత భేదము కలదు. అతని కథలో జర్మనీకి బదులు జపాను వచ్చును. చివర మాత్రము ఎల్లప్పుడు నొక్కటియే. ఎడమ రెక్కకొనను, సరిగా ఆ మెలిదిరిగిన చోటనే, వ్రేలితో చూపి, "గీ రెక్క మా తాత పైసలు" అని చెప్పును.